"అర్థమైందా?" అంటే "ఎస్ సార్" తప్ప ఇంకేం వస్తుంది?

ప్రశ్న: ఇంగ్లీషు క్లాసులో టీచర్లు మాటమాటకీ "అర్థమైందా?" అంటుంటారు. కొందరు "అండర్‌స్టాండ్?" అంటారు. మా వైపు "సమజైందా?" కూడా వినిపిస్తుంది. పిల్లలంతా ఒకే గొంతుతో "ఎస్స్ సార్" అంటారు. తీరా పరీక్షలో చూస్తే ముక్క రాదు. అసలు ఇది ప్రశ్నేనా, ఊతపదమా?

జవాబు: ఊతపదమే, కానీ దానికీ ఒక పని ఉంది. "ఈ ముక్క అయిపోయింది, ముందుకు పోతున్నాను" అని చెప్పే పని. పిల్లలకి ఆ సంగతి బాగా తెలుసు. "కాలేదు సార్" అన్నవాడు నడుస్తున్న పాఠానికి అడ్డం పడ్డట్టే. "అర్థం కానివాళ్ళు చేతులెత్తండి" అంటే మరీ ఘోరం. అంతమందిలో నేనే మొద్దునని ఎవడు చెయ్యెత్తుతాడు? పైగా ఏది అర్థం కాలేదో చెప్పాలంటే ముందు సగమైనా అర్థమై ఉండాలి కదా.

దీన్ని "డు యూ అండర్‌స్టాండ్?" అని మార్చినంత మాత్రాన ఒరిగేదేం లేదు. తెలంగాణ సర్కారు బడుల్లో 2022-23 నుంచి ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లీషు మీడియం తెచ్చినప్పుడు కూడా టీచరు ఏ భాషలో మాట్లాడాలన్న దాని మీదే వాదులాడుకున్నాం. టీచరు ఏం అడుగుతున్నారు, ఎలా అడుగుతున్నారు అన్నది ఎవరికీ పట్టలేదు.

పాఠం చెప్పే తీరు కాస్త దగ్గర నుంచి వినండి. "ఎ థర్స్టీ క్రో, అంటే దాహంతో ఉన్న కాకి. సా ఎ పాట్, కుండను చూసింది. ఏం చూసింది?" "కుండ!" జవాబు కరెక్టే. కానీ ప్రశ్న తెలుగులో వచ్చింది, జవాబు తెలుగు వాక్యంలోంచే దొరికింది. మధ్యలో ఉన్న ఇంగ్లీషు స్టేషన్లో అనౌన్స్‌మెంటులా చెవి పక్కనుంచి పోయింది. ఇంకో అలవాటు, వాక్యాన్ని చివర్లో సాగదీసి వదిలేయడం. "ద సన్ రైజెస్ ఇన్ ద...?" "ఈస్ట్!" మాటను సగంలో విరిచేవాళ్ళూ ఉన్నారు: "ది యాంట్ వాజ్ హార్డ్‌వర్క్...?" "కింగ్!" ముందు బెంచీలో ఇద్దరు అందుకుంటే చాలు, మిగతావాళ్ళు చివరి శబ్దానికి గొంతు కలిపేస్తారు.

తెలుగులో వివరించడం తప్పని నేననను. పది నిమిషాలు ఇంగ్లీషులో తిప్పితిప్పి చెప్పేదాన్ని ఒక్క తెలుగు వాక్యంతో తేల్చేస్తే ఆ మిగిలిన టైములో పిల్లలతో ఇంగ్లీషు మాట్లాడించవచ్చు. అసలు గొడవ ప్రశ్నల దగ్గర ఉంది.

1970ల మొదట్లో బర్మింగ్‌హామ్ యూనివర్సిటీకి చెందిన భాషా పరిశోధకులు సింక్లెయిర్, కూల్తార్డ్ తరగతి గదుల్లో మాటలు రికార్డు చేసి చూస్తే పదేపదే ఒకే వరస కనబడింది: టీచరు అడగడం, పిల్లవాడు చెప్పడం, టీచరు తీర్పు ఇవ్వడం. హ్యూ మెహన్ అనే అమెరికన్ పరిశోధకుడు దీనికి మంచి ఉదాహరణ ఇచ్చాడు. "టైమెంత?" అంటే "రెండున్నర" అన్నారనుకోండి. బయటైతే "థ్యాంక్స్" అంటాం. క్లాసులో "వెరీ గుడ్" అంటాం. ఎందుకంటే అడిగినాయనకి టైము ముందే తెలుసు.

తెలిసిన జవాబునే అడగడం పూర్తిగా మానలేం. కానీ "అర్థమైందా?" బదులు పెట్టగలిగినవి ఉన్నాయి. "మై గ్రాండ్‌ఫాదర్ యూజ్డ్ టు రైడ్ ఎ సైకిల్" (తాత ఒకప్పుడు సైకిల్ తొక్కేవాడు, ఇప్పుడు తొక్కడు) అని బోర్డు మీద రాశారు. వివరించారు. ఇప్పుడు "డస్ హి రైడ్ ఇట్ నౌ?" అని అడగండి. "ఎస్" అన్నాడంటే దొరికిపోయినట్టే, 'యూజ్' అన్న మాట పట్టుకుని తాత ఇంకా సైకిల్ వాడుతున్నాడనుకుంటున్నాడు. తర్వాత "వన్స్, ఆర్ మెనీ టైమ్స్?" అనండి. అంతే, రెండు చిన్న ప్రశ్నలు, పిల్లలకి వచ్చిన ఇంగ్లీషులోనే. పని అప్పజెప్పేటప్పుడూ ఇంతే. "ఇద్దరిద్దరు కూర్చుని ఐదు వాక్యాలు రాయండి, అర్థమైందా?" అనే బదులు "ఎన్ని వాక్యాలు? ఒక్కరే రాయాలా?" అంటే సరిపోతుంది.

అడిగాక ఆగాలి. ఇది చాలామందికి చేతకాదు. మేరీ బడ్ రో అనే ఆవిడ 1970ల్లో అమెరికా సైన్సు క్లాసుల్లో గమనిస్తే, టీచర్లు ప్రశ్న వేశాక సగటున ఒక్క సెకను ఆగుతున్నారు. దాన్ని మూడు సెకన్లకు పెంచితే పిల్లల జవాబులు పొడవయ్యాయి, అసలు నోరెత్తనివాళ్ళు ఎత్తారు. అదీ సొంత భాషలో పాఠం వింటున్న పిల్లల సంగతి. పరాయి భాషలో జవాబు కూడగట్టుకోవాల్సినవాడికి ఒక్క సెకను ఏం చాలుతుంది?

మరొకరు: బాగానే ఉందండీ. ఇవన్నీ ట్రైనింగుల్లో మేమూ విన్నవే. యాభై మంది, ముప్పావుగంట పీరియడ్, పైన సిలబస్ టెన్షన్. ఒక్కొక్కణ్ణీ అడుగుతూ కూర్చుంటే యూనిట్ ఎప్పటికయ్యేను? పైగా కోరస్‌ని అంత తీసిపారేయకండి. ఒంటరిగా నోరు విప్పని పిల్ల మొదటి ఇంగ్లీషు మాట పలికేది ఆ గుంపులోనే.

జవాబు: కోరస్ విషయంలో మీ మాట నిజమండీ. పలకడం నేర్పడానికి, పద్యం చెప్పించడానికి దాన్ని మించింది లేదు. ఎవరికి ఏం వచ్చిందో తెలుసుకోవడానికి మాత్రం పనికిరాదు. ఒక్కొక్కణ్ణీ అడగక్కర్లేదు కూడా. ఆ సైకిల్ ప్రశ్నే తీసుకోండి: ఇప్పుడు తొక్కుతాడంటే ఒక వేలు, తొక్కడంటే రెండు. చెయ్యి పైకెత్తించకండి, పక్కవాణ్ణి చూసి వేలు మార్చేస్తారు. గుండె దగ్గర పెట్టుకోమనండి. ముందు నుంచి చూస్తే ఒక్క చూపులో క్లాసంతా కనబడుతుంది. ఒక వేళ్ళు ఎక్కువ కనిపిస్తే ఆ వాక్యం దగ్గరే ఇంకాసేపు ఆగండి, సిలబస్ ఆ ఐదు నిమిషాలకేం మునిగిపోదు.