సంగీతం డిగ్రీ చదివితే కచేరీ చేయడం వస్తుందా?

శ్రీకాకుళం అమ్మ: అందరికీ నమస్కారం. మా పాప ఇంటర్ పూర్తి చేసింది. తొమ్మిదేళ్లుగా వయొలిన్ నేర్చుకుంటోంది, భైరవి రాగంలో అటతాళ వర్ణం, అంటే కచేరీ మొదట్లో వాయించే పెద్ద రచన, రెండు వేగాల్లో వాయిస్తుంది. విజయనగరం సంగీత కళాశాలలో గానీ, ఏదైనా యూనివర్సిటీలో గానీ వయొలినే చదువుతానని పట్టుబట్టింది. ఇంజినీరింగ్‌లో చేరి సాయంత్రాలు గురువుగారి దగ్గరికి వెళ్లమని వాళ్ల నాన్న అంటున్నారు. కాలేజీ చదువుతో వేదిక మీద కూర్చునే స్థాయి వస్తుందా? దయచేసి తెలిసినవాళ్లు చెప్పండి.

తంబూర: రాదమ్మా. మొహమాటం లేకుండా చెబుతున్నాను. కాలేజీలో సిలబస్ ఉంటుంది, సంగీతం ఉండదు. ఇన్ని వర్ణాలు, ఇన్ని కృతులు అని లెక్క పెట్టుకుని పూర్తి చేస్తారు. ఆలాపన, నెరవల్, కల్పనస్వరం అంటే రాగాన్ని, సాహిత్యాన్ని, స్వరాల్ని అప్పటికప్పుడు సొంతంగా అల్లడం; అవి గురువు పక్కన ఏళ్ల తరబడి కూర్చుంటే వచ్చేవి, టైంటేబుల్‌లో గంట కేటాయిస్తే రావు. వయొలిన్ విద్వాంసుడు ద్వారం వెంకటస్వామి నాయుడు గారికి ఏ డిగ్రీ ఉంది? బాలమురళీకృష్ణ గారు ఎనిమిదో ఏట కచేరీ చేశారు, పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గారి శిక్షణతో. సర్టిఫికెట్‌తో కాదు.

సన్నాయి ఇంటివాడు: ద్వారం వారి పేరు ఎత్తారు కాబట్టి అడుగుతున్నాను. ఆయన దశాబ్దాల పాటు ఎక్కడ పాఠం చెప్పారు? 1919లో మొదలైన విజయనగరం కళాశాలలోనే కదా. హరికథ పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు గారు అప్పుడు ప్రిన్సిపాల్. 1936లో ద్వారం వారే ప్రిన్సిపాల్ అయ్యారు. ఘంటసాల గారు వారాలు చేసుకుని, ఇంటింటా అన్నం అడిగి మధుకరం ఎత్తి మరీ చదివింది అక్కడే, పట్రాయని సీతారామశాస్త్రి గారి దగ్గర. మీరు చెప్పిన బాలమురళి గారు కూడా విజయవాడ సంగీత కళాశాలకు మొదటి ప్రిన్సిపాల్. కాలేజీలో సంగీతమే లేకపోతే వీళ్లంతా అక్కడ ఏం చేశారు?

తంబూర: మీరు నా మాటే రుజువు చేస్తున్నారు. ద్వారం వారు విద్యార్థిగా చేరడానికి వెళ్తే, వాయింపు విని ఆచార్యుడిగా వేసుకున్నారని పెద్దలు చెబుతారు. అప్పటికి ఆయన వయసు 26. అంటే విద్య ముందే వచ్చింది, కాలేజీ ఇవ్వలేదు.

సన్నాయి ఇంటివాడు: చేరడానికి వెళ్లారా లేదా? అంత విద్య ఉండి కూడా కాలేజీలో చేరాలనుకున్నారు. అది మీరెందుకు వదిలేస్తున్నారు?

తంబూర: చేరాలనుకోవడం వేరు, చదవడం వేరు. ఆయన అక్కడ ఒక్క రోజు కూడా విద్యార్థి కాదు.

గోదారి గట్టు: ద్వారం వారిని వదిలేయండి, ఆవిడ అడిగింది వాళ్ల పాప గురించి.

లెక్చరర్ గిరి: ఉద్యోగం సంగతి ఒకటి చెబుతాను. యూనివర్సిటీలను నియంత్రించే యూజీసీ 2018 నిబంధనల్లో సంగీతం లెక్చరర్ ఉద్యోగానికి రెండు దారులున్నాయి. ఒకటి పీజీ చేసి నెట్ అనే అర్హత పరీక్ష పాసవడం లేదా పీహెచ్‌డీ చేయడం. రెండోది, పేరున్న గురువు దగ్గర నేర్చుకుని ఆకాశవాణిలో ఏ గ్రేడ్ తెచ్చుకున్న కళాకారులకు, డిగ్రీ ఉంటే. కాబట్టి డిగ్రీ పూర్తిగా వదిలేయమని మాత్రం చెప్పకండి.

వీణ వాణి: మా ఊళ్లో గురువు లేడు. కాలేజీ లేకపోతే నేను వీణ ముట్టుకునేదాన్నే కాదు.

తంబూర: ఉద్యోగానికి కాగితం కావాలంటే నేను కాదనను. ఆవిడ అడిగింది వేదిక గురించి. మా అమ్మాయి గాత్రంలో ఎంఏ చేసింది, యూనివర్సిటీ పేరు చెప్పను. క్లాసులో పదిహేను మందికి ఒకే శ్రుతి పెట్టె. మా అమ్మాయి గొంతుకు కుదిరే శ్రుతి, అంటే ఆధార స్వరం, నాలుగున్నర. మిగతావాళ్లకు కుదురుతుందని అంతకంటే ఎత్తైన అయిదున్నరలో పాడించారు. చదివినన్నాళ్లూ తారస్థాయిలో గొంతు చించుకుంది. కల్పనస్వరాలు నోటు పుస్తకంలో రాయించి బట్టీ పట్టించారు. పరీక్షకు వచ్చినాయన పది నిమిషాలు విని ఫస్ట్ క్లాస్ ఇచ్చాడు. ఇంటికొచ్చాక కల్యాణి రాగం రెండు నిమిషాలు ఆలాపన చెయ్యమ్మా అంటే నోట్సులో ఉన్నదే పాడింది. అది ఆగాక ఏం పాడాలో తెలియక నా వంక చూసింది. ఆ చూపు నాకు తెలుసు, మీకు తెలియదు.

సన్నాయి ఇంటివాడు: మీ అమ్మాయికి జరిగింది అన్యాయం. కానీ ఒక టీచరు చేసిన తప్పుకి కాలేజీలన్నిటినీ ముంచేస్తారా?

తంబూర: గురుకులంలో ఇలా జరగదు. గురువు శిష్యుడి గొంతు చూసి శ్రుతి పెడతాడు. గురువు ఇంటికి వెళ్లి నేర్చుకోలేని బద్ధకస్తులే కాలేజీ అంటారు.

సన్నాయి ఇంటివాడు: బద్ధకమా? సరే, నా సంగతి చెబుతాను, ఇప్పటిదాకా ఇక్కడ చెప్పలేదు. మా తాత, మా నాన్న గుడి సేవలో సన్నాయి వాయించారు. నాకు గాత్రం కావాలనిపించింది. పన్నెండో ఏట ఒక పెద్దాయన ఇంటికి వెళ్లాను. పిల్లలంతా లోపల హాల్లో, నేను వరండాలో. రెండేళ్లు సరళీలు, జంటలు, నాలుగు గీతాలు, అన్నీ మొదటి పాఠాలే. లోపల వాళ్లు కృతులకు వెళ్లిపోయారు. నాకెప్పుడండీ అని అడిగితే, మీకు సన్నాయి ఉంది కదా నాయనా, ఇదెందుకు అన్నారు. ఆయన చెడ్డవాడని నేననను, పండగకు కొత్త బట్టలు కూడా పెట్టాడు. కానీ ఆ గడప దాటనివ్వలేదు. పంతొమ్మిదో ఏట కాలేజీలో చేరితే మొదటి రోజే మా మాస్టారు చాప మీద తన పక్కన కూర్చోబెట్టుకున్నారు. మీరు చెప్పే గురువు పక్కన చోటు నాకు దొరికింది కాలేజీలోనే.

వీణ వాణి: ఇది ముందే చెప్పాల్సింది అన్నా.

గోదారి గట్టు: ఇప్పుడు అసలు విషయానికి వచ్చారు.

తంబూర: బద్ధకం అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. మీ కష్టం నాకు తెలియక అన్నాను. అయినా పదిహేను మందిని ఒకే శ్రుతిలో పాడించే చదువు మంచిదని మాత్రం ఒప్పుకోలేను.

సన్నాయి ఇంటివాడు: నేనూ మంచిదనలేదు. ఆ క్లాసును బాగు చెయ్యమని అడుగుదాం, నాలాంటివాళ్లకున్న ఒక్క తలుపు మూసెయ్యొద్దంటున్నాను. మూస్తే మీ పిల్లలకు ఇంకో ఇల్లు ఉంటుంది, మాకు వరండాయే.

తంబూర: తలుపు మూయమని నేనెక్కడన్నాను?

సన్నాయి ఇంటివాడు: కాలేజీలో సంగీతం ఉండదన్నారు. మీరు మొదట రాసిన మాటే అది.

శ్రీకాకుళం అమ్మ: అందరికీ కృతజ్ఞతలు. వచ్చే వారం పాపని తీసుకుని విజయనగరం వెళ్తున్నాం. వయొలిన్ క్లాసులో ఎంతమంది ఉన్నారో, ఒక్కొక్కరి చేత విడిగా వాయింపిస్తారో లేదో కూర్చుని చూస్తాను. వాళ్ల నాన్న కూడా వస్తానన్నారు. అక్కడ సర్టిఫికెట్ కోర్సు నాలుగేళ్లు, డిప్లొమా రెండేళ్లు అన్నారు, పాప వర్ణాల దాకా వచ్చింది కాబట్టి నేరుగా పై ఏడాదిలో చేర్చుకుంటారేమో అడుగుతాను.

సన్నాయి ఇంటివాడు: మంచి పని అమ్మా. క్లాసయ్యాక ఏ మాస్టారు ఇంకా కూర్చుని ఉంటారో చూడండి, ఆయన్ని పట్టుకోండి. తంబూర గారూ, ఒక్క మాట. మీ అమ్మాయి ఇప్పుడు పాడుతోందా?

తంబూర: పాడుతుంది. పూజ గదిలో, తలుపు వేసుకుని. నాలుగున్నరలో.