1000 మీటర్ల లోతున కప్పు పెచ్చులూడుతోంది, బోల్టులు పెంచాలా?

ప్రశ్న: గ్రానైట్, 5 మీ. వెడల్పు సొరంగం. పేల్చిన రెండు మూడు గంటలకు కప్పు నుంచి పలచటి పలకలు చిటపటమంటూ రాలుతున్నాయి. 2.4 మీ. రెజిన్ బోల్టులు (రాతి రంధ్రంలో రెజిన్ జిగురుతో బిగించే ఉక్కు కడ్డీలు) 1.5 మీ. దూరంలో ఉన్నాయి. దగ్గర చేస్తే సరిపోతుందా?

జవాబు 1: సరిపోదు. రాలేది బోల్టుల మధ్య రాయి. ఆ లోతున నిలువు ఒత్తిడి దాదాపు 27 మెగాపాస్కల్స్ (ఒత్తిడి కొలత; కింది అంకెలూ ఇందులోనే). అడ్డ ఒత్తిడీ అంతే అయితే, గుండ్రటి సొరంగం అంచున అది రెట్టింపై 54కి చేరుతుంది. రాయి నలగకుండా తట్టుకునే బలం 120 అనుకుంటే, ఒత్తిడికీ బలానికీ నిష్పత్తి 0.45, పెచ్చులు సాధారణంగా 0.4 దాటితేనే మొదలవుతాయి. పైగా గోడలు వదిలి కప్పే ఊడుతోందంటే అడ్డ ఒత్తిడిదే పైచేయి, అంటే అసలు అంకె 54 కంటే ఎక్కువే. ముందు వదులు రాళ్లు దులపండి (సపోర్టు ఉన్న చోట నిలబడే!), ఆపైన 50–75 మి.మీ. ఫైబర్ షాట్‌క్రీట్ (సన్నటి పోగులు కలిపి చిమ్మే కాంక్రీటు), దానిపై మెష్ (ఇనుప వల), మెష్‌ను బిగించి పట్టేలా బోల్టు ప్లేట్లు.

జవాబు 2: ఉన్న బోల్టులు పట్టాయో లేదో పుల్ టెస్ట్ (బోల్టును లాగి చూసే పరీక్ష) చేయండి. 20 మి.మీ. బోల్టుకు 28 మి.మీ. రంధ్రం బాగుంటుంది, 35 అయితే రెజిన్ సరిగా కలవదు, రెజిన్ నింపిన ప్లాస్టిక్ తొడుగు చిరగక బోల్టుకే చుట్టుకుంటుంది. రెజిన్ గట్టిపడటం మొదలయ్యాక బోల్టును తిప్పినా పట్టు పోతుంది.

ప్రశ్న అడిగినవారు: శబ్దాలు పెద్దవైతే?

జవాబు 1: అప్పుడు రాయి ఒక్కసారిగా పగిలి కదలొచ్చు కాబట్టి, తెగకుండా సాగే బోల్టులు వాడాలి. నిలువునా రెజిన్ పట్టిన గట్టి బోల్టు, పగులు తెరుచుకున్న చోటే తెగుతుంది.