పాత రేడియో నాటకం పాడ్‌కాస్ట్‌లో పెట్టాలంటే పర్మిషన్ ఎవరిది?
1988లో ఆకాశవాణి విజయవాడలో వచ్చిన ఒక నాటకాన్ని మా నాన్న క్యాసెట్‌లో రికార్డ్ చేసుకున్నారు, రెండు వైపులా కలిపి 58 నిమిషాలు, మధ్యలో మా ఇంటి కుక్కర్ విజిల్ కూడా వినిపిస్తుంది. అది నా పాడ్‌కాస్ట్‌లో పెడితే మూడో రోజుకే కాపీరైట్ క్లెయిమ్ అని తీసేశారు. మొదట్లో వచ్చే అనౌన్స్‌మెంట్ కట్ చేసి మళ్ళీ పెట్టా, మళ్ళీ అదే. యాడ్స్ లేవు, పైసా రాదు అని అప్పీల్ చేశా, రిజెక్ట్.

చట్టం చూస్తే ప్రసారం మీద హక్కు 25 ఏళ్ళేనట, అంటే 2013తో అయిపోయింది కదా అనుకున్నా, కానీ రచయిత పోయింది 1996లో, రచన మీద హక్కు ఆయన పోయాక 60 ఏళ్ళు ఉంటుందట, సౌండ్ రికార్డింగ్‌కి మళ్ళీ వేరే 60, ఇక్కడే బుర్ర తిరుగుతోంది.

ఇలాంటివి లీగల్‌గా పెట్టినవాళ్ళు చెప్పండి, రచయిత కుటుంబం రాసిచ్చిన లెటర్ ఒక్కటి సరిపోతుందా, లేక ఆకాశవాణిని నడిపే ప్రసార భారతి లైసెన్స్ కూడా ఉండాల్సిందేనా?