18వ మ్యాచ్ కోసం గొడవ ముదిరి సమ్మె వస్తే క్వార్టర్‌బ్యాక్‌లు ఎటు ఉంటారు?

నాలుగోడౌన్ (ఫ్రిస్కో, టెక్సస్):
ఆదివారం ఒక ఫ్రెండ్ ఇంట్లో మ్యాచ్ చూస్తుంటే మొదలైంది ఈ గొడవ. బిర్యానీ చల్లారింది గానీ వాదన చల్లారలేదు. అందుకే ఇక్కడికి తెచ్చా.

అమెరికా ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో జట్ల ఓనర్లకీ ఆటగాళ్ళ యూనియన్‌కీ మధ్య ఇప్పుడున్న ఒప్పందం 2020లో కుదిరింది. 2030 సీజన్ వరకూ ఉంటుంది. 16 మ్యాచ్‌ల సీజన్ 17 అయింది దాని వల్లే. ఇప్పుడు కమిషనర్ గుడెల్ 18 మ్యాచ్‌ల సీజన్ గురించి దాపరికం లేకుండా మాట్లాడుతున్నాడు. యూనియన్ కుదరదంటే రేపు సమ్మె అయినా రావచ్చు, లాకౌట్ అయినా రావచ్చు.

నా మాట ఒక్కటే. ఆ రోజొస్తే క్వార్టర్‌బ్యాక్‌లని (బంతి విసిరి జట్టు ఆట నడిపే స్టార్లు) నమ్ముకోవద్దు. 1987 సమ్మెలో శాన్ ఫ్రాన్సిస్కో క్వార్టర్‌బ్యాక్ జో మోంటానా ఏం చేశాడు? తోటివాళ్ళు గేటు బయట అట్టలు పట్టుకుని నిలబడితే తను లోపలికెళ్ళి ఆడాడు. మా డాలస్ జట్టు కౌబాయ్స్ క్వార్టర్‌బ్యాక్ డానీ వైట్ కూడా అంతే. సమ్మె 24 రోజులకి కుప్పకూలింది. ఇవాళ సగటున ఏడాదికి 60 మిలియన్ డాలర్లు తీసుకునేవాడు (డాక్ ప్రెస్కాట్, మావాడే) మినిమం జీతంగాడి కోసం తన చెక్ వదులుకుంటాడా? మీరే చెప్పండి.

ఎడిసన్_అక్క (న్యూజెర్సీ):
నీకు 1987 ఒక్కటే కనపడిందా తమ్ముడూ? 2011 సంగతేంటి? ఓనర్లే లాకౌట్ పెట్టి మార్చి నుంచి జులై చివరిదాకా గేట్లు మూశారు. దాదాపు తొమ్మిది బిలియన్ల రాబడిలో పంపకానికి ముందే ఇంకో బిలియన్ తమకి తీసి పెట్టాలన్నారు. 18 మ్యాచ్‌ల మాట అప్పుడే ఎత్తారు కూడా.

ఆటగాళ్ళు వేసిన కేసు పేరు గుర్తుందా? బ్రేడీ వర్సెస్ ఎన్‌ఎఫ్‌ఎల్. దావా వేసిన పదిమందిలో టామ్ బ్రేడీ, డ్రూ బ్రీస్, మా న్యూయార్క్ జెయింట్స్ ఎలై వాళ్ళ అన్నయ్య పేటన్ మానింగ్. ముగ్గురూ అప్పట్లో పీక్‌లో ఉన్న క్వార్టర్‌బ్యాక్‌లే. జడ్జి సూసన్ నెల్సన్ ఏప్రిల్‌లో లాకౌట్ ఎత్తేయమంది, పై కోర్టు దాన్ని కొట్టేసింది, అది వేరే కథ. లాకౌట్ నడుస్తుండగానే బ్రీస్ న్యూ ఆర్లీన్స్‌లో ట్యులేన్ యూనివర్సిటీ గ్రౌండ్‌లో జట్టు మొత్తాన్ని పోగేసి ప్రాక్టీస్ చేయించాడు. పేరున్నవాళ్ళు ముందు నిలబడ్డారు కాబట్టే పేపర్లు పట్టించుకున్నాయి.

లెఫ్ట్_టాకిల్ (షార్లట్):
పేరు ఇవ్వడం వేరు, చెక్ వదులుకోవడం వేరు అక్కా. 2011లో సీజన్ మొదలయ్యేలోపే తేలిపోయింది. పోయిందల్లా ఒక్క హాల్ ఆఫ్ ఫేమ్ ఎగ్జిబిషన్ మ్యాచ్. బ్రేడీకి ఎంత నష్టం వచ్చిందట?

పంట్_మాస్టారు (మేరీలాండ్):
1987 పేరెత్తారు కాబట్టి నేనూ ఒక మాట. అప్పుడు నేనిక్కడ ఎమ్మెస్ చేస్తున్నాను. నలుగురం ఒక అపార్ట్‌మెంట్‌లో, యార్డ్ సేల్‌లో కొన్న 13 అంగుళాల టీవీ, యాంటెన్నాకి అల్యూమినియం ఫాయిల్. ఎవరో ఒకరు ఆ ఫాయిల్ పట్టుకుని నిలబడితేగానీ బొమ్మ ఆగేది కాదు.

సమ్మె ఎందుకు చేశారో ముందు చెప్పుకోవాలి. జీతాల కోసం కన్నా, కాంట్రాక్ట్ అయిపోయాక నచ్చిన జట్టుకి వెళ్ళే స్వేచ్ఛ కోసం. ఓనర్లు ఒక వారం మ్యాచ్‌లు రద్దు చేసి, తర్వాత మూడు వారాలు దొరికినవాళ్ళతో ఆడించేశారు. టీవీవాళ్ళు అవే చూపించారు. సమ్మె అక్కడే సగం చచ్చింది.

నాలుగోడౌన్ గారూ, మోంటానా మొదటి రోజే వెళ్ళిపోలేదు. ఒక మ్యాచ్ అయ్యాక వెళ్ళాడు. వెంట రోజర్ క్రెయిగ్, డ్వైట్ క్లార్క్ కూడా. వాళ్ళు క్వార్టర్‌బ్యాక్‌లు కాదు కదా. మీ డాలస్‌లో డానీ వైట్‌తో పాటు టోనీ డోర్సెట్, రాండీ వైట్ వెళ్ళారు. అక్కడ మేనేజ్‌మెంట్, తర్వాత రావలసిన యాన్యుటీ డబ్బు పోతుందని బెదిరించింది. అంటే పొజిషన్ కాదు, ఎవరి జుట్టు ఎవరి చేతిలో ఉందన్నది లెక్క.

మా వాషింగ్టన్ సంగతి పూర్తిగా వేరు. ఒక్క రెగ్యులర్ ఆటగాడు కూడా సమ్మె వదలలేదు. అక్టోబర్ 19, సోమవారం రాత్రి డాలస్‌లో మ్యాచ్. అప్పటికే సమ్మె విరమించారు, కానీ గడువు దాటి వచ్చారని ఆ వారం ఆడనివ్వలేదు. అటు డాలస్‌లో ముందే లోపలికెళ్ళిన స్టార్లు. ఇటు అందరూ తాత్కాలికులే. మా క్వార్టర్‌బ్యాక్‌కి మొదట్లోనే దెబ్బ తగిలితే టోనీ రాబిన్సన్ అనే కుర్రాణ్ణి దింపారు. అతను జైలు శిక్ష అనుభవిస్తూ పర్మిషన్ మీద బయటికొచ్చి ఆడుతున్నాడు! 13-7తో మేం గెలిచాం. డాలస్ జనం సొంత డానీ వైట్‌నే గేలి చేసి, తాత్కాలికంగా వచ్చిన స్వీనీని దింపమని అరిచారు. ఆ ఏడాది సూపర్ బౌల్ (లీగ్ ఫైనల్) కూడా మాదే.

నాలుగోడౌన్:
మాస్టారూ, ఆ మ్యాచ్ గుర్తు చేసి మా ఊరి పరువు తీశారు. మోంటానా విషయంలో తప్పు ఒప్పుకుంటున్నా. కానీ ఒకటి. ఆ స్వేచ్ఛ చివరికి ఎవరు తెచ్చారు? కోర్టులో గెలిచిన ఫ్రీమన్ మెక్‌నీల్ రన్నింగ్ బ్యాక్. తర్వాతి కేసుకి పేరిచ్చిన రెజీ వైట్ డిఫెన్సివ్ లైన్‌మన్. వాళ్ళ పుణ్యాన 1993లో ఫ్రీ ఏజెన్సీ వచ్చింది. ఆ చెట్టు కాయలు ఎక్కువ తిన్నది మాత్రం క్వార్టర్‌బ్యాక్‌లు.

కొత్తగా_చూస్తున్నా (హైదరాబాద్):
నేను రెండేళ్ళ నుంచే చూస్తున్నా, సూపర్ బౌల్ కోసం సోమవారం తెల్లారుజామున లేచి ఆఫీస్‌లో తూగే బ్యాచ్. ఒక డౌట్. 60 మిలియన్లవాడూ, మిలియన్ కూడా రానివాడూ ఒకే యూనియన్‌లో ఎలా ఉంటారన్నా? 2025 ఆగస్టులో ఇక్కడ సినీ కార్మికులు 30 శాతం పెంపు కోసం షూటింగులు ఆపేశారు. హీరోలు వాళ్ళతో కలిసి సమ్మెలో కూర్చోలేదు కదా. తాత్కాలికుల సంగతి కూడా మాకు కొత్త కాదు. 2019లో ఆర్టీసీ సమ్మె 52 రోజులు జరిగితే తాత్కాలిక డ్రైవర్లతోనే బస్సులు తిప్పారు.

చీజ్_గారె (మిల్వాకీ):
మంచి పోలిక తెచ్చావు. కానీ అసలు తేడా అక్కడే ఉంది. సినిమాలో హీరో ఆ కార్మికుల ఫెడరేషన్‌లో మెంబర్ కాదు. ఇక్కడ ప్రెస్కాట్‌కీ ఒక ఓటే, ప్రాక్టీస్‌లో దెబ్బలు తినే మూడో లైన్‌మన్‌కీ ఒక ఓటే.

2020 ఒప్పందం మీద యూనియన్ ఓటింగే చూడు. 1,019 అవును, 959 కాదు. అరవై ఓట్ల తేడా! ఐదు వందల మంది దాకా ఓటే వేయలేదు. అప్పటి మా గ్రీన్ బే క్వార్టర్‌బ్యాక్ రాడ్జర్స్ వద్దని బహిరంగంగా చెప్పాడు, ఇంకో క్వార్టర్‌బ్యాక్ రసెల్ విల్సన్ వద్దన్నాడు. పెద్ద పేర్లు ఓడిపోయాయి. ఎందుకంటే ఆ ఏడాది కొత్త కుర్రాడి మినిమం జీతం 510 వేల నుంచి 610 వేలకి పెరిగింది. యూనియన్ లెక్కల్లో సగటు కెరీర్ మూడేళ్ళ పైచిలుకు మాత్రమే. అంత తక్కువ టైమ్ ఉన్నవాడికి లక్ష డాలర్లంటే ఇల్లు. 17వ మ్యాచ్‌లో మోకాలు పోతుందేమో అన్న భయం రేపటిది, చెక్ ఇవాళ్టిది. అందుకే నాలుగోడౌన్ వాదన నాకు తలకిందులుగా కనిపిస్తోంది. 17వ మ్యాచ్‌ని వద్దన్నది క్వార్టర్‌బ్యాక్‌లు, ఒప్పుకున్నది మినిమం జీతంవాళ్ళు.

లెఫ్ట్_టాకిల్:
రాడ్జర్స్‌కి వద్దనే స్తోమత ఉంది బ్రదర్. నీతికీ స్తోమతకీ తేడా ఉంది.

నాలుగోడౌన్:
సరే, సమ్మె మాట పక్కన పెడదాం. నాకు అసలు మండేది శాలరీ క్యాప్ లెక్క. 2025లో ఒక్కో జట్టు జీతాల పరిమితి 279.2 మిలియన్లు. రాబడిలో ఆటగాళ్ళ వాటా దాదాపు 48 శాతం, అది ఒప్పందంలోనే రాసి ఉంది. అంటే క్వార్టర్‌బ్యాక్ పది మిలియన్లు ఎక్కువ తీసుకుంటే ఓనర్ జేబులోంచి పైసా కదలదు. అదే డ్రెస్సింగ్ రూమ్‌లో పక్క లాకర్‌వాడి వాటాలోంచి పోతుంది. ఇలాంటి ఏర్పాటులో ఐకమత్యం ఎక్కణ్ణుంచి వస్తుంది? ఓనర్లకి ఇంతకన్నా సుఖం ఏముంది, అన్నదమ్ములే పొలం గట్టు దగ్గర కొట్టుకుంటుంటే?

చీజ్_గారె:
సగం నిజం. ప్రెస్కాట్ 60 అనేది సగటు. సైనింగ్ బోనస్‌ని పుస్తకాల్లో నాలుగైదేళ్ళకి పంచి రాస్తారు కాబట్టి ఒక్కో ఏడాది క్యాప్ మీద పడేది వేరే అంకె. పైగా క్యాప్ పెరిగేది టీవీ డబ్బుతో. 2021లో కుదిరిన ఒప్పందాలు 11 ఏళ్ళకి వంద బిలియన్లు దాటాయి. జనం టీవీ పెట్టేది మహోమ్స్ లాంటి క్వార్టర్‌బ్యాక్ కోసమా, లెఫ్ట్ గార్డ్ కోసమా?

ఓనర్లు ఏడుస్తారు గానీ, మా గ్రీన్ బే ఒక్కటే జనం సొంతమైన జట్టు, లెక్కలు ఏటా బయట పెడుతుంది. 2024లో ఉమ్మడి ఆదాయంలోంచి వచ్చిన వాటానే 400 మిలియన్లు దాటింది. ఒక్క టికెట్ అమ్మకుండానే, ఒక్క బీర్ పోయకుండానే! మిగతా 31 జట్లకీ అదే వాటా. అప్పటి జీతాల పరిమితి 255.4 మిలియన్లు. కూడికలు తీసివేతలు మీరే చేసుకోండి.

ఎడిసన్_అక్క:
అదీ సంగతి. కొట్లాడాల్సింది క్వార్టర్‌బ్యాక్‌తో కాదు.

లెఫ్ట్_టాకిల్:
అక్కా, మీరు పొగిడిన 2011 ఒప్పందంలోనే కొత్తవాళ్ళ జీతాలకి కత్తెర పడింది. 2010 డ్రాఫ్ట్‌లో (కొత్త ఆటగాళ్ళని జట్లు వరసగా ఎంచుకునేది) మొదటి పిక్ శామ్ బ్రాడ్‌ఫర్డ్‌కి ఆరేళ్ళకి 78 మిలియన్లు, అందులో 50 గ్యారంటీ. మరుసటి ఏడాది మా క్యామ్ న్యూటన్‌కి నాలుగేళ్ళకి 22. ఇద్దరూ క్వార్టర్‌బ్యాక్‌లే, ఇద్దరూ మొదటి పిక్‌లే. కోర్టుకెక్కిన ముగ్గురూ అప్పటికే సీనియర్లు. ఆ కోత వాళ్ళకి తగల్లేదు. బ్రాక్ పర్డీని చూడండి, 2022 డ్రాఫ్ట్‌లో ఆఖరి పేరు, 262వది. మిలియన్ కూడా లేని జీతంతో జట్టుని సూపర్ బౌల్‌కి తీసుకెళ్ళాడు. మూడు సీజన్లు పూర్తయ్యేదాకా కొత్త కాంట్రాక్ట్ రాయడానికి రూలే ఒప్పుకోదు. 2025లో గానీ 265 మిలియన్లు రాలేదు. ఆలోపు బంతి విసిరే భుజం పోయి ఉంటే?

ఎడిసన్_అక్క:
ఇది ఒప్పుకోక తప్పదు. లేనివాళ్ళ భాగం, ఇంకా రానివాళ్ళ భాగం, ఈ రెండే ముందు తెగుతాయి ఏ బేరంలోనైనా.

కానీ గ్యారంటీ డబ్బు విషయంలో మాత్రం దారి వేసింది క్వార్టర్‌బ్యాక్‌లే. 2018లో కర్క్ కజిన్స్ మూడేళ్ళకి 84 మిలియన్లు మొత్తం గ్యారంటీగా రాయించుకున్నాడు. 2022లో డిషాన్ వాట్సన్‌కి క్లీవ్‌లాండ్ 230 మిలియన్లు పూర్తి గ్యారంటీతో ఇచ్చింది (మనిషి గురించి నన్ను అడక్కండి, కాంట్రాక్ట్ గురించే మాట్లాడుతున్నా). ఆ వెంటనే మిగతా ఓనర్లు బిగుసుకుపోయారు. లమార్ జాక్సన్‌కి 2023లో 260 రాశారు, గ్యారంటీ 185 దగ్గరే ఆగింది. ఓనర్లు కూడబలుక్కున్నారని యూనియన్ ఫిర్యాదు చేసింది. గ్యారంటీలు తగ్గించమని లీగ్ ఓనర్లకి నూరిపోసిన మాట నిజమే, కానీ వాళ్ళంతా కలిసి ఒప్పందం చేసుకున్నట్టు రుజువు కాలేదన్నాడు ఆర్బిట్రేటర్ (మధ్యవర్తి). ఆ తీర్పు 2025 జనవరిలో వస్తే జూన్ దాకా బయటికి పొక్కలేదు. మన యూనియన్ నాయకులు కూడా సొంత మెంబర్లకి చెప్పలేదు! జులైలో యూనియన్ అధిపతి లాయిడ్ హొవెల్ దిగిపోయాడు. ఇక చెప్పండి, సమ్మె వస్తే నమ్మకూడనిది ఎవర్ని?

నాలుగోడౌన్:
ఆ తీర్పు సంగతి చదివినప్పుడు నాకు కడుపు మండింది నిజమే. లీడర్లు ఫైలు దాచిపెడితే మోంటానాని తిట్టి ఏం లాభం. అయినా బ్రేడీ ఒకటి చేశాడు కదక్కా, 2013లో మూడేళ్ళకి 27 మిలియన్లకే పొడిగింపు ఒప్పుకున్నాడు. అభిమానులు చప్పట్లు కొట్టారు. రేపు వేరే క్వార్టర్‌బ్యాక్ ఎక్కువ అడిగితే ఓనర్ "బ్రేడీని చూసి నేర్చుకో" అంటాడు. యూనియన్ వైపు నుంచి చూస్తే అది త్యాగమా, దెబ్బా?

చీజ్_గారె:
బ్రేడీ గెలిచిన ఆ ఏడు సూపర్ బౌల్ ఉంగరాల్లో ఆ డబ్బు కూడా ఉంది. అతని లెక్క అతనిది.

లెఫ్ట్_టాకిల్:
టాపిక్‌కి కొంచెం దూరం, అయినా చెప్తా. మాది గుంటూరు వైపు. నా చిన్నప్పుడు మా నాన్న పనిచేసే స్పిన్నింగ్ మిల్లులో సమ్మె జరిగింది. రెండో నెలలో పక్కింటాయన లోపలికెళ్ళి పనిలో చేరిపోయాడు. కూతురి పెళ్ళి పెట్టుకున్నాడు, ఇంకేం చేస్తాడు. పసుపు రాసిన శుభలేఖ మా గుమ్మంలో పెట్టి వెళ్ళాడు. నాన్న ముట్టుకోలేదు. అమ్మ తీసి బియ్యం డబ్బాలో పెట్టింది. పదకొండేళ్ళు మా ఇంట్లో ఆయన పేరెత్తలేదు.

మోంటానాకి అలాంటి శిక్ష ఏమీ పడలేదు. నెల తిరక్కుండా అదే తోటివాళ్ళు అతని చేతి బంతి అందుకున్నారు. నాకు కోపం ఆయన వెళ్ళినందుకు కాదు.

కొత్తగా_చూస్తున్నా:
అన్నా, ఆ శుభలేఖ దగ్గర ఆగిపోయాను. మాస్టారూ, 1987లో మీ వాషింగ్టన్‌కి మూడు మ్యాచ్‌లు గెలిపించిన ఆ తాత్కాలికులు ఏమయ్యారు?

పంట్_మాస్టారు:
నాలుగో వారం రెగ్యులర్లు వచ్చారు, వీళ్ళు ఇళ్ళకి పోయారు. ఆ సీజన్ సూపర్ బౌల్ గెలిచినప్పుడు వీళ్ళకి ఉంగరాలు ఇవ్వలేదు. 2018లో ఇచ్చారు, ముప్ఫై ఏళ్ళు దాటాక. మా సమ్మె చెడగొట్టినవాళ్ళకి ఉంగరాలేమిటని కొంత, పాపం ఇన్నాళ్ళకైనా ఇచ్చారని కొంత అనిపించింది. లెఫ్ట్_టాకిల్ బాబూ, మీ నాన్నగారు నన్ను ఒప్పుకోరేమో గానీ, ఆ సోమవారం రాత్రి రెండో హాఫ్ మొత్తం ఫాయిల్ పట్టుకుని నిలబడింది నేనే.

లెఫ్ట్_టాకిల్:
పర్లేదు మాస్టారూ. పెళ్ళికి అమ్మ వెళ్ళొచ్చింది. నాన్నకి తెలుసు.