గద్దర్ పాటల్లో రాసిందెవరు, పాడిందెవరు?

ప్రశ్న:
కాలేజీలో గద్దర్ పాటలతో 20 నిమిషాల కార్యక్రమం పెట్టుకున్నాం. ‘బండెనక బండి కట్టి’ కింద రచన గద్దర్ అని వేశాం. తప్పంటున్నారు. సినిమా పాటల్లో ఏది ఆయన రాసింది, ఏది పాడింది? డప్పు విషయంలో ఏం చూసుకోవాలి?

జవాబు 1:
తప్పేనండీ, ఆ పేరు మార్చెయ్యండి. అది తెలంగాణ సాయుధ పోరాట కాలంలో బండి యాదగిరి కట్టిన పాట. గౌతమ్ ఘోష్ తీసిన ‘మా భూమి’ సినిమాలో గద్దర్ పాడి, తెర మీదా ఆయనే కనబడ్డారు. గొంతూ మొహమూ కలిసి జనం మనసులో పడేసరికి పాట కూడా ఆయనదే అయిపోయింది. ‘ఒరేయ్ రిక్షా’ (1995)లో చెల్లెమ్మ పాట దీనికి తలకిందులు: రాసింది గద్దర్, పాడింది వందేమాతరం శ్రీనివాస్. ఆ పాటకు వచ్చిన నంది అవార్డును గద్దర్ తీసుకోలేదు. ‘జై బోలో తెలంగాణ’ (2011)లో ‘పొడుస్తున్న పొద్దు మీద’ మాత్రం రాతా గొంతూ ఆయనవే, తెర మీదా ఆయనే. యాదగిరి పేరు మైకులో కూడా చెప్పండి, బోర్డు అందరూ చదవరు.

జవాబు 2:
పరిచయంలో సినిమాలే చెప్పి ఆపొద్దు. తూప్రాన్‌లో పుట్టిన గుమ్మడి విఠల్‌రావు ఆయన. బ్రిటిష్ పాలన మీద పోరాడిన గదర్ పార్టీ నుంచి వచ్చింది గద్దర్ అన్న పేరు. ఆయన బతుకంతా జన నాట్య మండలి అనే విప్లవ కళాబృందం, ఊరూరా ప్రదర్శనలు. 1997 ఏప్రిల్ 6న ఆయన మీద కాల్పులు జరిగాక ఒక తూటా వెన్నులోనే ఉండిపోయింది, అయినా గజ్జె కట్టడం మానలేదు. 2023 ఆగస్టు 6న పోయారు. వేషానికి గోచి, భుజాన గొంగడి, కాళ్లకు గజ్జెలు, చేతిలో కర్ర చాలు. మెరుపు బట్టలు వద్దు తమ్ముడూ, ఆ పాటకు నప్పవు.

జవాబు 3:
డప్పు సంగతి. చెమ్మకు తోలు వదులై మొద్దుగా మోగుతుంది. ఎక్కే ముందు గడ్డి మంట దగ్గర, తిప్పుతూ కాచండి. ఒకేచోట ఆపితే తోలు పగులుతుంది. కుడిచేతి సిర్ర (లావు పుల్ల) దెబ్బ వేస్తుంది, ఎడమచేతి సిటికెన పుల్ల (సన్న పుల్ల) సందులు నింపుతుంది. చరణం మొదలవగానే సిర్ర తగ్గించాలి, లేకపోతే మాట వినబడదు. ఆ పాటల్లో మాటే ప్రాణం. కోరస్ వాళ్లు పాడేవాడి చివరి మాట మీదే అందుకోవాలి. అది పూర్తయ్యేదాకా ఆగితే ఊపు విరిగిపోతుంది, మళ్లీ ఎక్కించడం కష్టం. 20 నిమిషాలకు నాలుగు పాటలు మించొద్దు.