సురేకారంలో ఉన్నది ఏ కారం?

ప్రశ్న: సురేకారం (పొటాషియం నైట్రేట్), వెలిగారం (బోరాక్స్). ఈ రెండిట్లోనూ నాలుక మండించే కారమేమీ లేదు కదా, ఆ మాట ఎలా అతుక్కుంది?

జవాబు: అది క్షారం అండీ. మన నోట ‘క్ష’ కాస్తా ‘క’ అయింది, వెలిగారంలో ఇంకో మెట్టు దిగి ‘గ’ అయింది. రుచిని చెప్పే కారాన్ని ద్రావిడ ధాతువుతో ముడిపెట్టేవారూ ఉన్నారు, అది వేరే తగవు. ఈ రెండు మాటల దగ్గర మాత్రం నాకు అనుమానం లేదు.

క్షారం అంటే ఆల్కలీ కోసం పాఠ్యపుస్తకాల వాళ్లు కూర్చుని కట్టిన మాట అనుకునేవాణ్ణి చాన్నాళ్లు. కాదు. ప్రాచీన శస్త్రవైద్య గ్రంథం సుశ్రుత సంహితలో, సూత్రస్థానం అనే భాగంలో 11వ అధ్యాయం మొత్తం క్షారం వండటం గురించే. చెట్టును కాల్చి, బూడిదను నీళ్లలో కలిపి, 21 సార్లు వడకట్టి, ఆ తేటను కాచాలి. పేరుకు కారణమూ అక్కడే ఉంది: ‘క్షరణాత్ క్షణనాద్వా క్షారః’. బూడిదనీళ్లు బొట్టుబొట్టుగా కారతాయి కనుక క్షరణం అనాలనిపిస్తుంది నాకు. కానీ వైద్యుడి చూపు పుండు మీద ఉంది: చెడిన మాంసాన్ని రాలగొట్టేది, తినేసేది అని భావం.

అరబ్బీ ‘అల్ ఖలీ’ కూడా చెట్ల బూడిదే, ఉప్పునేలల్లో పెరిగే మొక్కలది. ఆల్కలీ అందులోంచే వచ్చింది. పొటాష్ అంటే కుండలో కాచిన బూడిద. 1807లో ఇంగ్లండు రసాయన శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ దాహక పొటాష్ (పొటాషియం హైడ్రాక్సైడ్) నుంచి లోహాన్ని విడదీసి పొటాషియం అన్నాడు. ఆ లోహం గుర్తు ‘కె’ దాని లాటిన్ పేరు కేలియం నుంచి వచ్చింది, అంటే తిరిగి ఆ ఖలీయే.

ఏ మొక్క అన్నదాన్ని బట్టి బూడిద మారుతుంది. ఉప్పునేల మొక్కల్లో సోడియం కార్బొనేట్, మామూలు మొక్కల్లో పొటాషియం కార్బొనేట్ ఎక్కువ. సోడియం దానికి సర్జక్షారం, పొటాషియం దానికి యవక్షారం అని పాతవాళ్లు రెండు పేర్లు పెట్టుకున్నది ఊరికే కాదు. యవక్షారం యవల మొక్కల బూడిదలోంచి తీసేది.

ప్రశ్న: అయితే ఆల్కలాయిడ్‌ను, అంటే మొక్కల్లో దొరికే క్వినైన్ లాంటి నత్రజని పదార్థాన్ని, ‘క్షారాభం’ అనొచ్చా?

జవాబు: నిక్షేపంగా. 1819లో జర్మన్ ఔషధ శాస్త్రవేత్త మైస్నర్ ఆల్కలాయిడ్ అనే పేరు పెట్టింది అవి క్షారంలా ప్రవర్తిస్తాయనే. క్వినైన్, నికోటిన్, మార్ఫిన్ ఏదైనా సరే, అందులోని నత్రజని వల్ల ఆమ్లంతో కలిసి లవణమవుతుంది. కాకపోతే ఈ క్షారాభం కోసం మొక్కను కాల్చకూడదు, బూడిదలో అది మిగలదు. ఆమ్లం కలిపిన నీళ్లలో నానబెట్టి రాబట్టాలి.