చేపల పులుసుకు ఏ వైట్ వైన్ మంచిగుంటది?

మిర్యాలగూడ: అన్నా, సాగర్ చేపల పులుసు పక్కన షార్డొనే (ఒక రకం వైట్ వైన్) చప్పగ ఎందుకైతది? బదులు ఏం తేవాలె?

నల్లగొండ: చింతపండు ముందర పులుపు తక్కువున్న వైన్ నిలవదు తమ్మీ. పైగా ఓక్ చెక్క పీపాల పెట్టిన షార్డొనేల ఆల్కహాల్ మామూలుగ 13-14 శాతం ఉంటది, అది కారాన్ని ఎగదోస్తది. షెనిన్ బ్లాంక్ తే, అది పులుపుండే వైట్ వైన్. నాసిక్‌ది దొరుకుతది, జర తీపి ఉన్నది చూసుకో, నోటి మంట తగ్గుతది.

మహబూబ్‌నగర్: పులుసుకు షెనినే. వేపుడు చేపకైతే సావిన్యాన్ బ్లాంక్ అనే ఇంకో వైట్ వైన్, నిమ్మకాయ పిండినట్టే పనిచేస్తది. ఫ్రిజ్‌ల మూడు గంటలు పెట్టి, పోసే ముందు పది నిమిషాలు బయట ఉంచండి. ఎండకాలం ఐదు నిమిషాలు చాలు. 8-10 డిగ్రీలుండాలె, మరీ చల్లగైతే వాసనే రాదు. ఫ్రీజర్‌ల మర్చిపోతే సీసా పగులుతది.

మిర్యాలగూడ: మిగిలితే?

నల్లగొండ: బిరడా బిగించి ఫ్రిజ్‌లనే పెట్టు, మూడు రోజులల్ల తాగెయ్యాలె. గాలి తగిలితే ముందుగాల పండ్ల వాసన పోతది.